ఆకలి తగ్గించే మందు చిట్టెలుకలో (మౌస్) పనిచేయలేదు: ఎలుకకు (ర్యాట్) మారాలా, హామ్‌స్టర్‌కా, గినీ పందికా?

#1 కేజ్‌కార్డు

సూటిగా విషయం. జీఎల్‌పీ-1 (తిన్నాక పేగు వదిలే, ఆకలి తగ్గించే హార్మోన్) రిసెప్టర్‌ని ప్రేరేపించే చిన్న అణువు, డానుగ్లిప్రాన్ కోవది. పెప్టైడ్ (అమైనో ఆమ్లాల గొలుసు) కాదు, నోటి ద్వారా ఇచ్చేది. జంతువులు: కొవ్వుమేతతో లావెక్కించిన సి57 బ్లాక్ 6 వంశపు మగ చిట్టెలుకలు, కేజ్‌కి ఒకటి. దీపాలు ఆరే అరగంట ముందు గవాజ్ (గొట్టంతో కడుపులోకి మందు). తర్వాత 1, 2, 4, 24 గంటలకు మేత తూకం. మందు గుంపూ వెహికిల్ (మందు లేని ఉత్తి ద్రావణం) గుంపూ సమానంగా తింటున్నాయి. డోసు మూడింతలు చేసినా అంతే. అదే గదిలో, అదే మేత మీద ఉన్న సెమాగ్లూటైడ్ గుంపు మాత్రం ఆ రాత్రే తిండి తగ్గించేసింది. రక్తంలో చిన్న అణువు స్థాయి బాగానే ఉంది కాబట్టి పేగులో ఇంకలేదనడానికి లేదు.

ఎలుకకు మారితే ఫలితం వస్తుందా? లేక హామ్‌స్టర్, గినీ పంది దాకా వెళ్ళాలా? జాతిని బట్టి ఆకలి మందుల ప్రభావం మారడం గురించి తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

#2 రిసెప్టర్‌రావు

ఎలుకకు మారకండి, డబ్బు దండగ.

మనిషి జీఎల్‌పీ-1 రిసెప్టర్‌లో 33వ స్థానంలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. చిట్టెలుకలోనూ ఎలుకలోనూ అక్కడ సెరీన్. డానుగ్లిప్రాన్ అతుక్కునే గూటికి ఆ ట్రిప్టోఫాన్ ఒక గోడ. అది లేకపోతే అణువు నిలవదు. ఆర్ఫోర్‌గ్లిప్రాన్‌కీ అదే ట్రిప్టోఫాన్ కావాలి. సెమాగ్లూటైడ్, లిరాగ్లూటైడ్ లాంటి పెప్టైడ్‌లు రిసెప్టర్‌ని పొడవునా పట్టుకుంటాయి, ఆ ఒక్క అమైనో ఆమ్లం మీద ఆధారపడవు. అందుకే మీ పెప్టైడ్ గుంపు తిండి తగ్గించింది, ఇది తగ్గించలేదు.

మిగిలిన దారులు రెండు: మనిషి రిసెప్టర్ జన్యువు పెట్టిన చిట్టెలుక, లేదా కోతి. వాటికంటే ముందు చేయాల్సిన చిన్న పని ఒకటుంది. చిట్టెలుక, ఎలుక, మనిషి రిసెప్టర్‌లను విడివిడిగా కణాల్లో పెట్టి, సైక్లిక్ ఏఎంపీ పరీక్షలో (రిసెప్టర్ ప్రేరేపితమైతే కణంలో పెరిగే సంకేతాన్ని కొలిచేది) మీ అణువునీ, పక్కన అసలు జీఎల్‌పీ-1నీ నడపండి. పెప్టైడ్ మూడింటిలోనూ పనిచేసి, మీ అణువు మనిషి దాంట్లోనే పనిచేస్తే విషయం తేలిపోయినట్టే. జంతువును ముట్టుకునే ముందు ఈ పరీక్ష చేయకుండా ఆకలి అధ్యయనం మొదలుపెట్టడమేమిటో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

చిన్న అణువులన్నీ ఈ గూటినే వాడతాయని మాత్రం అనుకోకండి. రసాయన కుటుంబాన్ని బట్టి ఎవరిది వారే చూసుకోవాలి.

#3 గట్‌బ్రెయిన్

రావుగారు చెప్పినది ఒక్క జీఎల్‌పీ-1 కథే కాదు. ఆకలి మందుల రంగంలో ఇలాంటి గోతులు చాలా ఉన్నాయి, మళ్ళీ మళ్ళీ పడేవి రాస్తాను.

సెరటోనిన్ 6 రిసెప్టర్: దీన్ని అడ్డుకునే మందులు ఎలుకలో తిండి తగ్గిస్తాయి. కానీ ఆర్‌ఓ 04-6790 అనే అడ్డుమందు మనిషి, ఎలుక రిసెప్టర్‌లకు గట్టిగా అతుక్కుంటుంది, చిట్టెలుక రిసెప్టర్‌కి దాదాపు అతుక్కోదు. రెండు అమైనో ఆమ్లాల తేడా అంతే. ఎలుకలో వచ్చిన ఫలితాన్ని జన్యువు తీసేసిన చిట్టెలుకలో రుజువు చేద్దామని ఈ మందు పట్టుకెళ్తే, అక్కడ మామూలు చిట్టెలుకే స్పందించదు.

సెరటోనిన్ 1బి: పాత ఆకలి మందు ఫెన్‌ఫ్లురమిన్ తిండి తగ్గించడంలో దీనికి వాటా ఉంది. ఈ రిసెప్టర్ లేని చిట్టెలుకల్లో ఆ ప్రభావం తగ్గుతుంది. మనిషిలో 355వ స్థానంలో ఉండే థ్రియోనిన్ స్థానంలో ఎలుక, చిట్టెలుకల్లో ఆస్పరజీన్ ఉంటుంది. దాంతో పిండొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు ఎలుకల్లో ఈ రిసెప్టర్‌కీ గట్టిగా అతుక్కుంటాయి, మనిషిలో అంతగా కాదు. హామ్‌స్టర్ ఎలుకల జట్టులోనే ఉంటుంది. గినీ పంది మనిషి జట్టులో ఉంటుంది. రోడెంట్లన్నీ ఒకే గాటన కట్టేవాళ్ళు ఈ ఒక్కదాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఎంసీహెచ్ (ఆకలి పెంచే మెదడు హార్మోన్): మనిషికి రెండు రిసెప్టర్‌లు. ఎలుక, చిట్టెలుక, హామ్‌స్టర్, గినీ పందుల్లో పనిచేసేది మొదటిదొక్కటే. కుక్కకీ ఫెరెట్‌కీ రెండూ ఉన్నాయి. మొదటిదాన్ని అడ్డుకునే మందు ఎలుకలో ఎంత బాగా పనిచేసినా, రెండోది మిగిలి ఉన్న మెదడులో ఏం జరుగుతుందో ఎలుక చెప్పలేదు.

ఆకలి పెంచే న్యూరోపెప్టైడ్ వైకి స్పందించే రిసెప్టర్‌ల కుటుంబంలోని వై6: చిట్టెలుకలో పనిచేస్తుంది, ఎలుకలో జన్యువే లేదు, మనిషిలో మొండిగా తెగిపోయి ఉంది. వై రిసెప్టర్‌లన్నిటికీ తగిలే మందు పెడితే చిట్టెలుకలో అదనంగా ఒక ద్వారం తెరిచి ఉందన్నమాట.

జీఐపీ (ఇంకో పేగు హార్మోన్) సంగతి ఇంకా చిత్రం. మూడో స్థానంలో ప్రోలీన్ పెట్టిన జీఐపీని ఏళ్ళ తరబడి అడ్డుమందుగా వాడారు. ఎలుక, చిట్టెలుక రిసెప్టర్‌ల మీద అది సగం ప్రేరకం, సగం అడ్డు. మనిషి రిసెప్టర్ మీద పూర్తి ప్రేరకం! జీఐపీ, జీఎల్‌పీ-1 రిసెప్టర్‌లు రెంటినీ ప్రేరేపించే టిర్జెపటైడ్ కూడా చిట్టెలుక జీఐపీ రిసెప్టర్ మీద బలహీనం. చిట్టెలుకలో కనిపించే దాని ప్రభావంలో ఎక్కువ భాగం జీఎల్‌పీ-1 వైపు నుంచే. "రెండు రిసెప్టర్‌ల మందు చిట్టెలుకలో ఇలా పనిచేసింది" అని రాసే ముందు ఇది చూసుకోవాలి.

#4 మోతాదు

రిసెప్టర్ సరిపోయినా ఆట ముగియదు. ఎంతసేపు ఒంట్లో ఉంటుందన్నది రెండో తగాదా.

లిరాగ్లూటైడ్ సగం తగ్గడానికి మనిషిలో సుమారు 13 గంటలు, ఎలుకలో సుమారు 4 గంటలు. సెమాగ్లూటైడ్‌కి మనిషిలో దాదాపు వారం, రోడెంట్లలో గంటల లెక్కే. వారానికోసారి సూది అన్న మనిషి పద్ధతిని చిట్టెలుకకు దించితే మొదటి రెండు రోజులు తిండి తగ్గి, తర్వాత రోజుల్లో తిరిగి ఎక్కువ తిని, వారం సగటు వెహికిల్‌తో సమానంగా కనిపిస్తుంది. "పనిచేయలేదు" అనేస్తారు. రోడెంట్లలో రోజూ ఇవ్వాలి.

ఒంటి ఉపరితలం లెక్క అందరికీ తెలిసిందే, అయినా అంకెలు తప్పు రాస్తుంటారు. కేఎం (ఒంటి బరువును ఉపరితలంతో భాగిస్తే వచ్చే అంకె) విలువలు: చిట్టెలుక 3, హామ్‌స్టర్ 5, ఎలుక 6, గినీ పంది 8, మనిషి 37. చిట్టెలుకలో 10 మి.గ్రా./కిలో అంటే మనిషికి 10 × 3 ÷ 37, సుమారు 0.81 మి.గ్రా./కిలో. ఎలుకలో అదే 10 అంటే 1.62. కాబట్టి చిట్టెలుకకీ ఎలుకకీ ఒకే మి.గ్రా./కిలో ఇచ్చి "ఎలుకే ఎక్కువ స్పందించింది" అనడం కుదరదు. ఈ లెక్క మొదటి డోసు ఎక్కడ మొదలెట్టాలో చెప్పడానికే. ఆల్బుమిన్‌కి అతుక్కునే పెప్టైడ్‌లకు ఇది సరిగా కుదరదు. వాటికి రక్తంలో స్థాయి కొలిచి పోల్చడమే మార్గం.

కాలేయం తేడాకు పాత ఉదాహరణ ఆంఫెటమిన్. ఎలుక దాని వలయం మీద హైడ్రాక్సిల్ పెట్టి బయటికి పంపుతుంది. గినీ పంది పక్క గొలుసును కోసి బెంజోయిక్ ఆమ్లం దాకా తీసుకెళ్తుంది. మనిషి కొంత అలాగే వదిలేసి, కొంత గినీ పంది దారిలోనే పంపుతాడు. ఒకే మందు, ఒకే డోసు, మూడు జాతుల్లో తిండి తగ్గే వ్యవధి మూడు రకాలుగా ఉంటే ఆశ్చర్యమేముంది?

ద్రావణం గురించి ఒక మాట. పెప్టైడ్ పలచగా ఉంటే ప్లాస్టిక్‌కి అంటుకుపోతుంది. ఫాస్ఫేట్ బఫర్‌లో 0.05% ట్వీన్-80 (అంటుకోకుండా చూసే సబ్బు లాంటి పదార్థం) కలపండి. సెమాగ్లూటైడ్ 10 నానోమోల్/కిలో అంటే సుమారు 41 మైక్రోగ్రా./కిలో. చిట్టెలుకకు 5 మి.లీ./కిలో చొప్పున ఇస్తే ద్రావణం మి.లీ.కి 8 మైక్రోగ్రాములే. ట్వీన్ లేకుండా ఆ పలచదనంలో ఎంత పోతుందో లెక్క ఉండదు.

#5 సీసీకే_పక్షం

అందరూ రిసెప్టర్ ఆకారం, కాలేయం అంటున్నారు. రిసెప్టర్ అచ్చం ఒకేలా ఉన్నా, అది మెదడులో *ఎక్కడ* ఉందన్నది కూడా జాతిని బట్టి మారుతుంది. అది మరిచిపోతున్నారు.

సీసీకే అంటే కడుపు నిండిందని చెప్పే పేగు హార్మోన్. దాని సీసీకే-1 రిసెప్టర్ లేని ఓఎల్‌ఈటీఎఫ్ వంశపు ఎలుక పూటపూటకీ ఎక్కువ తిని, పూటల సంఖ్య తగినంత తగ్గించుకోక లావెక్కిపోతుంది. అదే రిసెప్టర్ తీసేసిన చిట్టెలుక కూడా పూటకి ఎక్కువే తింటుంది, కానీ పూటలు తగ్గించుకుని రోజు మొత్తం సరిచేసుకుంటుంది. బరువు మామూలే. కారణం హైపోథాలమస్‌లో డీఎంహెచ్ అనే చోట ఉంది. ఎలుకలో అక్కడ సీసీకే-1 రిసెప్టర్ ఉండి న్యూరోపెప్టైడ్ వైని అణచిపెడుతుంది. చిట్టెలుకలో ఆ చోట అది లేదు. కాబట్టి సీసీకే కోవ మందు అరగంట పరీక్షలో రెండు జాతుల్లోనూ ఒకేలా కనిపిస్తుంది. రెండు వారాల బరువు చూస్తేనే దారులు వేరవుతాయి.

#6 రిసెప్టర్‌రావు

> ఓఎల్‌ఈటీఎఫ్ ఎలుక పూటపూటకీ ఎక్కువ తిని…

ఒప్పుకుంటాను, కానీ ఒక మెలిక. ఓఎల్‌ఈటీఎఫ్‌లో జీపీఆర్10 అనే ఇంకో రిసెప్టర్ జన్యువులోనూ లోపం ఉంది, దాన్ని కూడా అతి తిండికి కారణంగా చూపించారు. ఆ ఎలుక ఊబకాయం మొత్తాన్నీ సీసీకే ఖాతాలో రాయకూడదు.

#7 సీసీకే_పక్షం

నిజమే. అందుకే ఎలుక ఊబకాయాన్ని కాక, డీఎంహెచ్‌లో రిసెప్టర్ ఉండటం, లేకపోవడం అన్న పోలికనే ఆధారంగా పెట్టుకోవాలి. దానికి జీపీఆర్10 అడ్డు రాదు.

#8 బుగ్గసంచి

హామ్‌స్టర్ అనుకుంటున్నవాళ్ళకు.

సిరియన్ హామ్‌స్టర్‌ని రాత్రంతా పస్తు పెట్టి పొద్దున మేత ఇస్తే ఎలుకలా ఎగబడి తినదు. పస్తు తర్వాత తిండి పెంచుకునే అలవాటు దానికి లేదు, దాచుకోవడం మాత్రం పెంచుతుంది. ఆకలి మందుల పరీక్షలు చాలావరకు "పస్తు పెట్టు, మందు ఇవ్వు, తిరిగి తినడం కొలువు" అన్న ఎలుక పద్ధతే. దాన్ని హామ్‌స్టర్‌కి దించితే అడుగున వెహికిల్ గుంపే తక్కువ తింటుంది, మందు తగ్గించడానికి మిగిలేదేమీ ఉండదు. పస్తు లేకుండా, మామూలు మేత మీద, కనీసం 24 గంటలు కొలవండి.

కొలత కూడా వేరు. హాపర్‌లో (మేత తొట్టి) తగ్గిన మేత తిన్న మేత కాదు. బుగ్గ సంచుల్లో కొంత, గూట్లో కొంత ఉంటుంది. ప్రతి తూకం సమయంలో: హాపర్ తూచాలి, బెడ్డింగ్ కింద, మూలల్లో దాచినదంతా ఏరి తూచాలి, జంతువును సున్నితంగా పట్టుకుని బుగ్గల వెనక నుంచి ముందుకి నెమ్మదిగా ఒత్తి సంచి ఖాళీ చేయించి అదీ తూచాలి, తడిసిన ముక్కలు ఆరబెట్టాకే తూకం. ఏరిన మేత తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది మొదటి రోజే తేల్చుకుని చివరిదాకా మార్చకండి. దాచినది లాక్కుంటూ పోతే ఇంకా ఎక్కువ దాస్తుంది.

సైబీరియన్ హామ్‌స్టర్‌లో ఋతువు కూడా చేరుతుంది. చిన్న పగళ్ళకు మారిన జంతువు తనంత తానే బరువు తగ్గుతుంది, ఆ స్థితిలో లెప్టిన్ (కొవ్వు వదిలే, ఆకలి తగ్గించే హార్మోన్) బాగా పనిచేస్తుంది. పెద్ద పగళ్ళలో ఉంటే లెప్టిన్‌కి అంతగా లొంగదు. దీపాల టైమర్ ఏ అమరికలో ఎన్ని వారాలుగా ఉందో రాయని లెప్టిన్ ఫలితాన్ని నేనైతే పక్కన పెడతాను.

#9 కేవియా

గినీ పంది గురించి క్లుప్తంగా: ఆకలి మందులకు ఇది చేదు ఎంపిక. రాత్రీ పగలూ కొద్దికొద్దిగా తింటూనే ఉంటుంది, కాబట్టి చీకటి మొదలు చూసి డోసు ఇవ్వడంలో అర్థం లేదు. తిండి ఒక రోజు గట్టిగా తగ్గితే పేగు కదలిక ఆగిపోతుంది, కొవ్వు కాలేయానికి చేరుతుంది, కీటోసిస్ వస్తుంది. లావుగా ఉన్నవాటికీ, చూలుతో ఉన్నవాటికీ మరీ ప్రమాదం. విటమిన్ సి తయారుచేసుకోలేదు. తిండి తగ్గితే విటమిన్ కూడా తగ్గుతుంది, కొన్నాళ్ళకు మందు వల్లో స్కర్వీ వల్లో బరువు తగ్గుతోందో తెలియదు. విటమిన్‌ని మేతలో కాక విడిగా నోట్లో వేయాలి. దీని ఇన్సులిన్ కూడా మిగతా క్షీరదాల దానికి చాలా దూరం. చక్కెర, ఆకలి రెండూ కలిపి చూసే మందుకు పనికిరాదు.

సెరటోనిన్ 1బి ఒక్కదానికి మనిషి లాంటి రిసెప్టర్ కావాలంటే తప్ప దీని జోలికి వెళ్ళకండి.

#10 మట్టితిండి

ఇంతవరకు ఎవరూ వికారం మాట ఎత్తలేదు. మందు ఆకలి తగ్గించిందా, కడుపులో తిప్పేలా చేసిందా? రోడెంట్లు వాంతి చేసుకోలేవు, అందుకే మేత తూకం ఒక్కటే ఈ రెంటినీ వేరు చేయలేదు.

ఎలుకలో దారి ఉంది. వికారం పుడితే అది బంకమట్టి తింటుంది. కేయోలిన్ అనే ఆ మట్టి 100 పాళ్ళు, తుమ్మజిగురు పొడి 1 పాలు, చేతికి అంటకుండా ముద్దయ్యేంత డిస్టిల్డ్ వాటర్. మేత ఉండల సైజులో చేసి గది వేడిలో పూర్తిగా ఆరనివ్వాలి. లోపల తడి ఉంటే తర్వాత ఆరి తగ్గే బరువును మీరు "తిన్నది" అని రాసేస్తారు. మేత హాపర్ పక్కనే విడిగా పెట్టి, మందుకు ముందు కనీసం మూడు నాలుగు రోజులు అలవాటు చేయాలి. కొత్త వస్తువును కొరికి చూడటం ఆగాకే అసలు కొలత. కేజ్ కింద కాగితం పరిచి రాలిన పొడి తూచి తీసేయాలి, ఎందుకంటే ఎలుక కొరికి పారేసేదీ తక్కువేం కాదు. తిన్నదా లేదా అని అనుమానం ఉంటే మర్నాటి పెంటికలు చూడండి, కేయోలిన్ తిన్నవాటి పెంటికలు తెల్లబడతాయి.

పోలికకు, వికారం పుట్టించే లిథియం క్లోరైడ్ ఇచ్చిన గుంపు ఉండాలి. జీఎల్‌పీ-1 కోవకే చెందిన ఎక్సెండిన్-4, లిరాగ్లూటైడ్ కూడా ఎలుకలో కేయోలిన్ తినిపిస్తాయి. అంటే తగ్గిన తిండిలో కొంత వికారం వాటా.

చిట్టెలుకలో ఈ పరీక్ష నమ్మదగినది కాదు. ఒక వంశంలో తింటాయి, ఇంకో వంశంలో మట్టి ముట్టవు. దానికి రుచి మీద విముఖత పరీక్షే నయం: 0.15% సాకరిన్ మొదటిసారి తాగించి, వెంటనే మందు ఇచ్చి, రెండు రోజుల తర్వాత సాకరిన్ సీసా, నీళ్ళ సీసా పక్కపక్కన పెట్టి కొలవాలి. సీసాల స్థానం మధ్యలో మార్చడం మరవకండి, చిట్టెలుకకు ఒక వైపు అలవాటు బలంగా ఉంటుంది.

వాంతి చేసుకునే చిన్న జంతువు కావాలంటే చుంచెలుక ఉంది, కానీ అది రోడెంట్ కాదు.

#11 బెడ్డింగ్

చిట్టెలుకలో తప్పులు ఎక్కడ దొర్లుతాయో చెబుతాను, మందు నిజంగా పనిచేసే సందర్భంలోనూ ఇవి ఫలితాన్ని మింగేస్తాయి.

రోజుకు 3 నుంచి 5 గ్రాములు తినే జంతువు అది. ఎలుక 20 గ్రాముల పైచిలుకు తింటుంది. అర గ్రాము రాలినా చిట్టెలుకలో అది పదో వంతు. 60% కొవ్వుమేత అయితే మరీ కష్టం: మెత్తగా నలిగి బెడ్డింగ్‌లో కలిసిపోతుంది, గ్రాముకు 5.2 కిలోక్యాలరీలు. మామూలు బెడ్డింగ్ తీసేసి గట్టి కాగితం పరవండి, 0.01 గ్రా. త్రాసు వాడండి, మేతను గ్రాముల్లో కాక కిలోక్యాలరీల్లో రాయండి.

రాత్రి పస్తు చిట్టెలుక బరువులో పదో వంతుకు పైగా తీసేస్తుంది. పైగా 20-22 డిగ్రీల గదిలో పస్తున్న చిట్టెలుక ఒళ్ళు చల్లబరుచుకుని మొద్దునిద్రలోకి జారుతుంది. ఎలుక అలా చేయదు. మందు తిండిని గట్టిగా తగ్గిస్తే అదే జరుగుతుంది: ఒళ్ళు చల్లబడి ఖర్చు తగ్గి, బరువు అనుకున్నంత తగ్గదు. చిట్టెలుకకు హాయైన వేడి 30 డిగ్రీల దగ్గర. ఎలుక, చిట్టెలుక ఫలితాలు పోల్చేటప్పుడు గది వేడి రాయని పట్టిక నాకు అక్కరకు రాదు. కనీసం కొన్నిటికి ఒంటి వేడి నమోదు చేసే చిప్ పెట్టండి.

అలవాటు చేయడం. పీవైవై 3-36 అనే పేగు హార్మోన్ తిండి తగ్గిస్తుందని 2002లో నేచర్‌లో వచ్చింది. 2004లో అదే పత్రికలో పలు ప్రయోగశాలలు కలిసి మాకు రాలేదన్నాయి. తర్వాతి వాదమంతా జంతువులను ఎంత అలవాటు చేశారన్న దాని చుట్టూ తిరిగింది. బెదిరిన చిట్టెలుక వెహికిల్ ఇచ్చినా తినదు, ఇక మందు తగ్గించేదేముంది? వారం రోజుల పాటు రోజూ అదే వేళకు పట్టుకోవడం, ఉత్తి సూది లేదా ఉత్తి గవాజ్ చేయడం తప్పనిసరి. వెహికిల్ గుంపు తిండి రెండు రోజులు వరుసగా మందుకు ముందున్న స్థాయికి వచ్చాకే మొదలుపెట్టండి.

#12 లాటిన్‌చదరం

గుంపుల అమరిక మీద కొంచెం. ఎలుకల్లో, కొద్ది గంటలు పనిచేసే మందుకు ఒకే జంతువుకు అన్ని డోసులూ తిప్పి తిప్పి ఇవ్వడం బాగుంటుంది, మధ్యలో మూడు నాలుగు రోజులు వదిలితే చాలు. సెమాగ్లూటైడ్ లాంటి వాటికి వద్దు. మందు పోయినా తగ్గిన బరువు వెంటనే తిరిగి రాదు, రెండో డోసు ఇచ్చేనాటికి జంతువు మొదటిది కాదు. విడివిడి గుంపులే పెట్టండి. బరువు ఫలితం చెప్పాలంటే మందు గుంపు తిన్నంతే మేత ఇచ్చే వెహికిల్ గుంపు ఒకటి ఉండాలి. దాని మేతను రెండు మూడు దఫాలుగా ఇవ్వండి, ఒకేసారి పడేస్తే గంటలో ఊడ్చేసి మిగతా రోజంతా పస్తుంటుంది. చిట్టెలుక అయితే ఆ పస్తులోనే మొద్దునిద్రకు పోతుంది, పోలిక పాడవుతుంది.

#13 కేజ్‌కార్డు

అందరికీ ధన్యవాదాలు. కణాల పరీక్ష మొదట, తర్వాత మనిషి రిసెప్టర్ పెట్టిన చిట్టెలుక. ఆ చిట్టెలుకలో ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఏమైనా ఉందా? ఇంకొకటి: పోలికకు అమిలిన్ (ఇన్సులిన్‌తో పాటు క్లోమం వదిలే, ఆకలి తగ్గించే హార్మోన్) గుంపు కూడా పెట్టాలనుంది, మనిషి అమిలిన్ వాడొచ్చా?

#14 రిసెప్టర్‌రావు

మొదటిది: మనిషి జన్యువు చిట్టెలుక జన్యువు స్థానంలోనే కూర్చుందా, ఎక్కడో అదనంగా చేరిందా చూడండి. స్థానంలో కూర్చుంటేనే మెదడులోని ఏరియా పోస్ట్రిమా, హైపోథాలమస్‌లలోనూ క్లోమంలోనూ సహజమైన పరిమాణంలో తయారవుతుంది. అదే కాన్పులో పుట్టిన, మనిషి జన్యువు లేని తోబుట్టువులకు కూడా మీ అణువు ఇవ్వండి. వాటిలో తిండి తగ్గకూడదు. తగ్గిందంటే అది జీఎల్‌పీ-1 ద్వారా కాదు, వేరే దుష్ప్రభావం. మీరిప్పటికే మామూలు చిట్టెలుకలో ఏమీ రాలేదంటున్నారు కాబట్టి ఆ పోలిక మీకు అప్పనంగా దొరికిన వరం. సెమాగ్లూటైడ్‌ని రెండు రకాల్లోనూ పెట్టండి, రెండింటిలోనూ పనిచేయాలి.

భద్రత వైపు ఒక మాట. రోడెంట్ల థైరాయిడ్ సి-కణాల్లో జీఎల్‌పీ-1 రిసెప్టర్ ఎక్కువ, ప్రేరేపిస్తే ఆ కణాలు వదిలే కాల్సిటోనిన్ హార్మోన్ పెరుగుతుంది, దీర్ఘకాలంలో గడ్డలు వస్తాయి. మనిషిలో, కోతిలో అక్కడ ఆ రిసెప్టర్ చాలా తక్కువ. మనిషి జన్యువు పెట్టిన చిట్టెలుకలో సి-కణాల్లో రిసెప్టర్ పరిమాణం మామూలు చిట్టెలుకలో లాగే ఎక్కువ ఉంటుంది కాబట్టి, అక్కడ కాల్సిటోనిన్ పెరిగితే కంగారుపడి మందు పక్కన పెట్టకండి.

#15 గట్‌బ్రెయిన్

మనిషి అమిలిన్ వద్దు. ద్రావణంలోనే పోగులు కట్టి గడ్డకడుతుంది, పొద్దున కలిపినది సాయంత్రానికి అదే డోసు కాదు. ఎలుక, చిట్టెలుక అమిలిన్‌లో 25, 28, 29 స్థానాల్లో ప్రోలీన్‌లు ఉండటం వల్ల పోగులు కట్టదు. ఆ ఆలోచనతోనే మనిషి అమిలిన్‌లో అదే మూడు మార్పులు చేసి ప్రామ్‌లింటైడ్ తయారుచేశారు, 2005లో అనుమతి వచ్చింది. ఎలుక అమిలిన్ గానీ ప్రామ్‌లింటైడ్ గానీ వాడండి. ప్రభావం గంట, రెండు గంటల్లోనే బలంగా ఉంటుంది, కాబట్టి మొదటి తూకం అరగంటకే పెట్టుకోండి.

#16 మట్టితిండి

లిథియం క్లోరైడ్ డోసు ప్రైవేటుగా అడిగినవాళ్ళకు ఇక్కడే జవాబు. పాత పద్ధతి 0.15 మోలార్ ద్రావణం పొట్ట కుహరంలోకి సూదితో 20 మి.లీ./కిలో, అంటే సుమారు 127 మి.గ్రా./కిలో. ఎలుకకు ఆ కుహరంలోకి 10 మి.లీ./కిలో దాటకపోవడం మంచిది కాబట్టి, 0.3 మోలార్ చేసి 10 మి.లీ./కిలో ఇస్తే అదే డోసు పడుతుంది. పోలిక గుంపుకు అదే పరిమాణంలో ఉప్పునీళ్ళు కూడా 0.3 మోలార్‌వే ఇవ్వాలి. మామూలు సెలైన్ ఇస్తే గాఢత వల్ల పుట్టే నొప్పి ఒక గుంపుకే పడుతుంది, కేయోలిన్ లెక్క ఎటూ తేలదు.